యుద్ధం మాట వింటే హల్లెలూయ అనాలా?

ప్రశ్న: మేడమ్ గారికి వందనాలు. మాది ప్రొద్దుటూరు. మావారు బట్టల అంగట్లో గుమాస్తా. పెద్దబ్బాయి ఆర్మీలో సిపాయి, జమ్మూ వైపు ఉన్నాడు. కోడలికి ఇప్పుడు ఆరో నెల, మా దగ్గరే ఉంది. 2025 మేలో పాకిస్తాన్‌తో గొడవ జరిగినప్పటి నుంచి నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అది సద్దుమణిగినా నా టెన్షన్ తగ్గలేదు, రెండు గంటలప్పుడు కూడా ఫోన్లో వార్తలు చూస్తూనే ఉంటాను. మా సంఘంలో పాస్టరు గారు ఇశ్రాయేలు, ఇరాన్ యుద్ధాల గురించి చాలా ఉత్సాహంగా చెప్తారు. "యుద్ధాలు రావాల్సిందే, రాకడ దగ్గరపడింది, సంతోషించండి" అంటే అందరూ హల్లెలూయ అంటారు. నాకు నోరు రాదు. నా విశ్వాసం తక్కువా? మొన్న సెలవుకు వచ్చినప్పుడు నా కొడుకు "అమ్మా, నా చేతుల్తో ఎవరన్నా చస్తే దేవుడు నన్ను క్షమిస్తాడా?" అని అడిగాడు. అట్లాంటి మాటలు మాట్లాడొద్దని వాడి నోరు మూయించాను. ఎదురింటామె "మీరు దేశం కోసం కూడా ప్రార్థన చేస్తారా?" అని నవ్వుతూ అడిగితే గుచ్చుకుంది. కోడలు ఫోన్లో కామెడీ వీడియోలు చూసి నవ్వుతుంటే ఒళ్లు మండి తిట్టాను. ఆ పిల్ల ఆ పూట అన్నం తినలేదు. ఏం చేయాలో చెప్పండి.
— ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, వందనాలు. మీ ఉత్తరంలో చాలా సంగతులున్నాయి. ముందు ఆ ప్రసంగం దగ్గర మొదలుపెడతాను, మిగతావన్నీ దానికే ముడిపడి ఉన్నాయి కాబట్టి.

రాకడ, అంటే యేసు ప్రభువు మళ్లీ రావడం గురించి మీ పాస్టరు గారు చదివేది మత్తయి సువార్త 24వ అధ్యాయమే అయి ఉంటుంది. యుద్ధాల గురించి, యుద్ధ సమాచారాల గురించి వింటారని యేసు ప్రభువు చెప్పిన చోటు. చాలామంది ప్రసంగీకులు ఆ ఒక్క ముక్క చదివి పైకి లేస్తారు. అదే వచనంలో "మీరు కలవరపడకుండ చూచుకొనుడి" అని ఉంది, "అంతము వెంటనే రాదు" అని కూడా ఉంది. అవి చదివితే ప్రసంగం అంత వేడిగా సాగదు, అందుకే దాటేస్తారని నా అనుమానం.

అక్కడితో ఆపకుండా కిందికి రండి. 19వ వచనం: "అయ్యో, ఆ దినములలో గర్భిణులకును పాలిచ్చువారికిని శ్రమ." మీ ఇంట్లో ఆరో నెల కోడలు ఉంది, ఈ మాట మీకు నేను విడమరచి చెప్పక్కర్లేదు. యుద్ధం అనగానే ఆయనకు ముందు గుర్తొచ్చింది కడుపుతో ఉన్న ఆడమనిషి, చంకలో బిడ్డతో పరుగెత్తాల్సిన తల్లి. తర్వాతి వచనంలో, మీరు పారిపోవడం చలికాలంలో జరగకుండా ప్రార్థన చేసుకోండి అంటాడు. చూడండి, ఎంత చిన్న విషయమో! యుద్ధం వచ్చినప్పుడు ప్రభువు స్వయంగా నేర్పిన ప్రార్థన చలి గురించి, దారిలో పడే కష్టం గురించి. ఆ పేరాలో చప్పట్లు కొట్టాల్సిన చోటు నాకైతే ఎక్కడా కనిపించలేదు.

ఇంకో చోటుంది. లూకా సువార్త 19వ అధ్యాయంలో ఆయన యెరూషలేము దగ్గరికి వస్తూ ఊరిని చూసి ఏడుస్తాడు. శత్రువులు చుట్టూ గట్టు కట్టి ముట్టడి వేస్తారని, నీలో ఉన్న నీ పిల్లలను నేలకు కొడతారని చెప్తూ ఏడుస్తాడు. క్రీ.శ. 70లో రోమా సైన్యం ఆ ఊరికి అంత పనీ చేసింది. రాబోయే యుద్ధాన్ని ముందే చూసినవాడు కన్నీళ్లు పెట్టుకున్నాడు, ఆ యుద్ధం తన మాట ప్రకారమే జరగబోతున్నా సరే. మీకు నోరు రాకపోవడం విశ్వాసం తక్కువై కాదమ్మా. ఆ కూటంలో లేఖనాన్ని సరిగ్గా విన్న కొద్దిమందిలో మీరొకరేమో అనిపిస్తుంది నాకు.

ఇశ్రాయేలు పేరు వింటే మనవాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది, అర్థం చేసుకోగలను. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న ఊళ్లన్నీ అక్కడే ఉన్నాయి. కానీ అక్కడ ఇప్పుడు ఉన్నవాళ్లు మనుషులు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇళ్లలోనే చనిపోయినవాళ్లు, బందీలుగా పోయినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత గాజాలో కూలిన ఇళ్ల కింద పిల్లలు ఉన్నారు. గాజాలో క్రైస్తవులు ఉన్నారన్న సంగతి మన కూటాల్లో ఎంతమందికి తెలుసు? సెయింట్ పోర్ఫిరియస్ అని అక్కడ చాలా పాత ఆర్థడాక్స్ చర్చి ఉంది. 2023 అక్టోబరు 19న ఆ ప్రాంగణం మీద బాంబు పడి, అందులో తలదాచుకున్నవాళ్లు చనిపోయారు. 2025 జులై 17న హోలీ ఫ్యామిలీ చర్చి మీద కూడా దాడి జరిగింది. గాజాలో ఉన్న ఒకే ఒక్క కాథలిక్ చర్చి అది. మనం ఇక్కడ హల్లెలూయ అంటున్నప్పుడు అక్కడ వాళ్లు అదే ప్రభువు పేరు పట్టుకుని గోడ పక్కన నక్కి ఉన్నారు.

అంత దూరం కూడా పోవద్దు. మీ జిల్లాలో, పక్కనే రాజంపేట, రాయచోటి వైపు, కువైట్‌లో మనిషి లేని వీధి ఉంటుందా? 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకున్నప్పుడు లక్షకు పైగా భారతీయులు జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాల్లో బయటపడ్డారు. 2025 జూన్‌లో ఇరాన్ ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద క్షిపణులు వేసిన రాత్రి కువైట్ కూడా కాసేపు గగనతలం మూసేసింది. మీ సంఘంలోనే ఆ రాత్రి ఫోను కలవక ఏడ్చిన ఆడవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల మధ్య నిలబడి యుద్ధం రావాలని ఎలా అడుగుతాం?

ఇక మీ అబ్బాయి ప్రశ్న. ఇది అన్నిటికన్నా బరువైంది, తొందరపడకుండా చూద్దాం.

మీరు నోరు మూయించింది భయంతో అని తెలుస్తూనే ఉంది. కానీ ఆ మాట అడగడానికి వాడికి ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో ఆలోచించండి. బ్యారక్‌లో ఆ మాట ఎవరితో అంటాడు? పెళ్లాం కడుపుతో ఉంది, ఆమెతో అనలేడు. తల్లి దగ్గరికి తెచ్చాడు. కాబట్టి ఆ తలుపు మళ్లీ తీయాల్సింది మీరే.

జవాబు ఏమిటి అంటే, క్రైస్తవుల్లో దీని మీద ఒకే మాట లేదు, ఎప్పుడూ లేదు. "నరహత్య చేయకూడదు" అనే ఆజ్ఞ ఉంది, శత్రువును ప్రేమించమన్న ప్రభువు మాట ఉంది. ఆ మాటను అక్షరాలా పట్టుకుని ఆయుధమే ముట్టం అన్న సంఘాలు ఉన్నాయి. కర్నూలు నుంచి తుంగభద్ర దాటి గద్వాల, వనపర్తి వైపు వెళ్తే మెన్నోనైట్ బ్రదరెన్ చర్చిలు కనిపిస్తాయి. ఆ శాఖ వేర్లు 16వ శతాబ్దపు యూరప్‌లో ఉన్నాయి. కత్తి పట్టకూడదన్నది వాళ్ల పెద్దల పాత నియమం, దాని కోసం దేశాలు వదిలి వలసపోయినవాళ్లు, జైళ్లకు పోయినవాళ్లు ఉన్నారు. వాళ్లను పిరికివాళ్లని నేను అనను.

ఇంకో వైపు చూస్తే, బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సైనికులు వచ్చి మేమేం చేయాలి అని అడిగారు. లూకా 3లో ఉంది. ఉద్యోగం మానేయమని ఆయన అనలేదు. ఎవరినీ బాధించి డబ్బు లాక్కోవద్దు, తప్పుడు నేరాలు మోపొద్దు, మీ జీతంతో తృప్తి పడండి అన్నాడు. కపెర్నహూములో శతాధిపతి, అంటే రోమా సైన్యంలో నూరుమంది మీద అధికారి, అతని విశ్వాసాన్ని చూసి యేసు ఆశ్చర్యపోయాడు. పేతురు కొర్నేలి ఇంటికి వెళ్లాడు, అతనూ శతాధిపతే. వీళ్లెవరినీ యూనిఫాం విప్పి రమ్మని షరతు పెట్టినట్టు లేదు.

ఈ రెండింటి మధ్య నాకు బాగా నచ్చిన మాట నాలుగో శతాబ్దంలో కప్పదొకియలో (ఇప్పటి టర్కీలోని ప్రాంతం) బిషప్పుగా ఉన్న బాసిల్ చెప్పింది. యుద్ధంలో చంపినవాళ్లను మన పెద్దలు హంతకుల లెక్కలో వేయలేదు అని ఆయన ఒప్పుకున్నాడు. అయినా వాళ్ల చేతులు శుభ్రంగా లేవు కాబట్టి మూడేళ్లు ప్రభురాత్రి భోజనానికి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి, దూరంగా ఉండటం మంచిదేమో అని సలహా ఇచ్చాడు. మూడేళ్లా అని ఇప్పుడు మనకు కఠినంగా అనిపిస్తుంది. కానీ ఆ సలహా వెనక ఒక కనికరం ఉంది. చంపి వచ్చినవాడు పూలదండ వేసుకుని సరాసరి మామూలు మనిషి అయిపోలేడని ఆయనకు తెలుసు. వాడికి కాస్త సమయం కావాలి, దుఃఖపడే చోటు కావాలి. దావీదు సంగతి కూడా ఇలాంటిదే. దేవుని హృదయానుసారుడు అనిపించుకున్నవాడు, అయినా ఎక్కువ రక్తం ఒలికించావు కాబట్టి మందిరం కట్టేది నువ్వు కాదు, నీ కొడుకు అని దేవుడే అడ్డుకున్నాడు. ప్రేమ పోలేదు, రక్తం సంగతి మరుగున పడలేదు.

అందుకని, దేవుడు క్షమిస్తాడా అన్న ప్రశ్నకు క్షమిస్తాడు అని నేను ధైర్యంగా చెప్తాను. అదసలు పాపమే కాదు అని మాత్రం మీరు తేలిగ్గా అనేయొద్దు. అలా అంటే వాడు మోస్తున్నది మీకు కనిపించలేదని అనుకుంటాడు. ఇంకొకటి కూడా వాడికి చెప్పాలి. డ్యూటీలో ఉన్న సిపాయికీ, చేతులెత్తినవాడి మీద, ఆయుధం లేనివాడి మీద కసి తీర్చుకునేవాడికీ మధ్య గీత ఉంది. ఆ గీత సైన్యం చట్టంలోనూ ఉంది, యోహాను సైనికులకు చెప్పిన మాటలోనూ ఉంది. అది దాటకుండా నిలబడితే చాలు, మిగతాది దేవుడికి వదలమనండి.

ఉత్తరం రాయండి. ఫోన్లో మీరిద్దరూ ఏడుస్తారు, మాట పూర్తి కాదు. కేరాఫ్ ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసుకు పోస్టు ఇప్పటికీ చేరుతుంది. మీ మాటల్లోనే రాయండి, ఇలా: "నాయనా, ఆ రోజు నువ్వు అడిగిన మాటకు నేను భయపడి జవాబు చెప్పలేకపోతిని. దేవుడు నిన్ను వదలడు. ఏం జరిగినా నాకు చెప్పు. నేను విని తట్టుకుంటా." ఇంతకన్నా పెద్ద వేదాంతం వాడికి ఇప్పుడు అవసరం లేదు. సైన్యంలో అన్ని మతాలకూ మతబోధకులు ఉంటారు, క్రైస్తవులకు పాద్రీ ఉంటాడు. వాళ్ల యూనిట్‌లో లేకపోయినా ఎక్కడ దొరుకుతాడో అడిగి తెలుసుకోమనండి.

మన అనంతపురంలో ఒకాయన ఉండేవాడు, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) ఫాదర్ ఫెర్రర్. ఆయన పేరు తెలియని పల్లె ఆ జిల్లాలో ఉండదు. ఆయన 1920లో బార్సిలోనాలో పుట్టాడు. కుర్రవాడిగా ఉండగానే స్పెయిన్ అంతర్యుద్ధంలో సైనికుడయ్యాడు. 1938లో ఎబ్రో నది దగ్గర జరిగిన పోరాటంలో ఉన్నాడు, ఓడినవైపు ఉన్నాడు కాబట్టి ఫ్రాన్సులో శిబిరంలో మగ్గాడు. తర్వాత కాథలిక్ సన్యాసుల సభ అయిన జెస్యూట్‌లలో చేరాడు, 1952లో ఇండియా వచ్చాడు, 1969లో అనంతపురం చేరాడు. కొన్నాళ్లకు జెస్యూట్ సభను వదిలి పెళ్లి చేసుకున్నా, అందరూ ఆయన్ను ఫాదర్ అనే పిలిచారు. కరువు పల్లెల్లో బావులు, ఇళ్లు, బడులు, బత్తలపల్లిలో ఆసుపత్రి. 2009లో చనిపోయే దాకా అదే పని. యుద్ధం వల్లనే ఆయన అలా అయ్యాడని నేను చెప్పను, మనిషి లోపల ఏం జరిగిందో మనకెలా తెలుస్తుంది? తుపాకి పట్టిన కుర్రవాడి కథ తుపాకితోనే ముగిసిపోదని మీ అబ్బాయికి చెప్పడానికి మాత్రం ఇది పనికొస్తుంది. బత్తలపల్లి వైపు వెళ్లినప్పుడు వాడికి ఆ ఆసుపత్రి చూపించండి.

శత్రువు కోసం ప్రార్థన గురించి మీరు అడగలేదు గానీ, చెప్పకపోతే ఇది సగం జవాబే అవుతుంది. సరిహద్దు అవతల కూడా మీలాగే నిద్రపోని తల్లి ఉంటుంది. ఆమె కొడుకు కూడా ఇల్లు చేరాలని అడిగితే మన దేశానికి ద్రోహం చేసినట్టు కాదు. ఇద్దరు కొడుకులూ ఇంటికి రావాలంటే యుద్ధమే ఆగాలి, అంతే కదా మీరు అడిగేది? మన సీమ ఆడవాళ్లకు ఇది ఇంకా బాగా అర్థం కావాలి. సినిమాల్లో చూపించే సుమోల సంగతి వదిలేయండి. నిజంగా ఫ్యాక్షన్ నడిచిన ఊళ్లలో రెండు వర్గాల ఇళ్లలోనూ చిన్న వయసులోనే బొట్టు తీసేసిన ఆడవాళ్లు మిగిలారు. పగ తీరిందని ఊరేగింపు చేసిన ఇంటికే మళ్లీ శవం వచ్చింది. టీవీలో కూర్చుని ఇంకా కొట్టండి అని అరిచేవాళ్లను చూస్తే నాకు ఆ ఊళ్లే గుర్తొస్తాయి.

ఎదురింటామె మాట పట్టించుకోవద్దు. రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థన చేయమని పౌలు తిమోతికి రాశాడు, ప్రతి ఆదివారం ఎన్నో చర్చిల్లో ఆ ప్రార్థన జరుగుతూనే ఉంది. అయినా ఆమెతో వాదన ఎందుకు? మీ కొడుకు ఎక్కడ నిలబడి ఉన్నాడో ఆమెకు తెలుసు. ఈసారి వాడు సెలవుకు వచ్చినప్పుడు వాళ్లింటికి కాఫీకి పంపండి చాలు. 2025 మేలో సరిహద్దులో ప్రాణం విడిచిన అగ్నివీర్ మన గోరంట్ల మండలం తండా బిడ్డ. ఆ తల్లిదండ్రుల ఏడుపు టీవీలో చూసినప్పుడు వాళ్లది ఏ మతం అని ఎవరైనా అడిగారా?

రాత్రి వార్తల సంగతి కాస్త గట్టిగానే చెప్తాను. రెండు గంటలకు ఫోన్లో మీరు చూసేది చాలావరకు వార్త కాదు. 2025 మేలో వీడియో గేముల ముక్కలను, వేరే దేశాల పాత వీడియోలను యుద్ధమని తిప్పారు. వాటిని చూసి మీ గుండె దడ పెంచుకుంటే మీ అబ్బాయికి ఏం ఒరుగుతుంది? సాయంత్రం ఒక్కసారి వార్తలు వినండి, రాత్రి ఫోను మీవారి చేతికిచ్చి పడుకోండి. అబ్బాయి ఫోను వస్తే ఆయన లేపుతారు. అలా చేసినా వారాల తరబడి నిద్ర రాకపోతే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేసే మనిషి డాక్టరుతో మాట్లాడితే విశ్వాసం తగ్గినట్టు కాదు. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే.

ఇంకో జాగ్రత్త. ప్రార్థన గ్రూపుల్లో అబ్బాయి ఫోటో, యూనిట్ పేరు, ఉన్న ఊరు పెట్టి ప్రార్థించండి అని రాయకండి. ఆ మెసేజ్ ఎన్ని ఫోన్లు తిరుగుతుందో మీకు తెలియదు. పేరు చెప్తే చాలు, మిగతా అడ్రసు దేవుడికి తెలుసు.

మీరు 91వ కీర్తన చదువుకుంటూ ఉంటారని నా ఊహ. సిపాయిల తల్లులందరూ చదివేది అదే. పగటివేళ ఎగిరే బాణానికి భయపడవు, పక్కన వేయిమంది పడినా అపాయం నీ దగ్గరికి రాదు. చదవండి, తప్పకుండా చదవండి. అయితే అరణ్యంలో సాతాను యేసును శోధించినప్పుడు పట్టుకొచ్చింది కూడా ఆ కీర్తనలోని వచనాలనే అని గుర్తుంచుకోండి. దాన్ని గ్యారంటీ కార్డులా వాడితే, రేపు జ్వరం వచ్చినా దేవుడు మాట తప్పాడనిపిస్తుంది. దాని పక్కన 13వ కీర్తన కూడా చదవండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. దేవుడిని నిలదీసే హక్కు మీకు ఉందని చెప్పే కీర్తన అది. ఆ తర్వాత మత్తయి 24లో ఆయన నేర్పినట్టు చిన్న చిన్న సంగతులు అడగండి: వాడికి ఈ రాత్రి కాసేపు నిద్ర పట్టాలని, కొండ మీద చలి తక్కువగా ఉండాలని, పక్కనున్న మనిషి మంచివాడై ఉండాలని.

కోడలి విషయంలో మాత్రం తప్పు మీదే, అమ్మా. ఆ పిల్ల మొగుడు సరిహద్దులో ఉన్నాడన్న సంగతి మర్చిపోయి నవ్వలేదు. మర్చిపోలేకే ఆ వీడియోలు చూస్తోంది. మీరు వార్తలు చూసి భయాన్ని మోస్తున్నారు, ఆమె కామెడీ చూసి మోస్తోంది. కడుపులో బిడ్డకు ఆమె పద్ధతే మంచిది. క్షమించమ్మా అని పెద్ద మాటలు అక్కర్లేదు. రాగి సంగటి, ఆమెకు ఇష్టమైన పప్పో పచ్చడో చేసి పక్కన కూర్చుని తినిపించండి. ఆ వీడియో ఏదో నాకూ చూపించు అనండి. అర్థం కాకపోయినా నవ్వండి. నెల నెలా చెకప్‌కు మీరే తోడు వెళ్లండి. భర్త ఉండాల్సిన చోట ఎవరూ లేరన్న లోటు ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడే ఎక్కువ తెలుస్తుంది.

పాస్టరు గారితో మాట్లాడాలా వద్దా అని మీరు సందేహిస్తూ ఉంటారు. మాట్లాడండి. ఆయన చెడ్డవాడని నేను అనుకోవడం లేదు, ఆయన ఇంట్లో సిపాయి లేడేమో అంతే. ఆదివారం ఆరాధన అయిపోగానే వద్దు, అప్పుడు చుట్టూ పదిమంది ఉంటారు, ఆయనకు తలవంపుగా ఉంటుంది. వారం మధ్యలో మీవారిని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లండి, పాస్టరమ్మ కూడా ఉండేలా చూసుకోండి. ప్రసంగం తప్పని వాదించకండి. వచ్చే ఆదివారం మత్తయి 24లో 19, 20 వచనాలు కూడా చదవమని, గల్ఫ్‌లో, ఆర్మీలో బిడ్డలున్న ఇళ్ల కోసం పేర్లు పెట్టి ప్రార్థన చేయించమని అడగండి. ఒప్పుకుంటే ఆ ఇళ్ల పేర్లు రాసుకుని వెళ్లే పని మీరే తీసుకోండి, మీ వీధి నుంచే మొదలుపెట్టవచ్చు.